చెన్నపురి పురమందిరము

చెన్నపురిలో సెంట్రల్ స్టేషను దిగి పూనమల్లి మార్గమున నడచు ప్రయాణికునకు ఎఱ్ఱని యిటుకల కట్టడ మొకటి కనబడును. దాని ప్రక్కనే తెల్లని రిప్పన్ భవనము గలదు. ఆ తెల్లనిది నగరపాలక సంస్థ కార్యాలయమని యెల్లరు నెఱుగుదురు. ఎఱ్ఱని దేమని యడిగినచో చెప్పగలవా రరుదు. అదియే విక్టోరియా పబ్లిక్ హాలు. మన భాషలో పురమందిరము.

ఊరికి దేవాలయమును, సంతయు, కోటయు నుండుట మన పూర్వులెఱిగినదే. పౌరులందఱును ఒకచోట గూడి తమ సామాన్యవిషయములను ముచ్చటించుకొనుట కొక యిల్లుండవలె నను తలంపు మాత్రము క్రొత్తది. మన పల్లెలలో రచ్చబండ ఆ పని కొంత నెఱవేర్చెను. కాని యచ్చట అరుగుపై నెవరు కూర్చుండవలెనో, దూరముగ నెవరు నిలువవలెనో కులమే నిర్ణయించెడిది. పురమందిరములో కుర్చీకి కులము లేదు. ఈ చిన్న భేదమునందే యొక యుగము మాఱినది.

1882 మార్చిలో పచ్చయప్ప హాలున పురప్రముఖులు సమావేశమై యిట్టి మందిరమును నిర్మింప నిశ్చయించి, పండ్రెండుగురితో నొక సంఘము నేర్పఱచిరి. 1883 డిసెంబరు 17వ తేదీన విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు శంకుస్థాపన మొనర్చిరి. తిరువాన్కూరు, మైసూరు మహారాజులును, పెక్కండ్రు జమీందారులును చందా లొసంగిరి. పీపుల్స్ పార్కు భూమిలో 57 గ్రౌండ్లను, అనగా మూడెకరములకు మించిన స్థలమును, గ్రౌండునకు ఎనిమిదణాల చొప్పున పురపాలకసంఘము 99 సంవత్సరములకు కౌలు కిచ్చెను. చిషోము దొర నమూనా వ్రాసెను. హైకోర్టు భవనమును గట్టిన తాటికొండ నంబెరుమాళ్లు సెట్టిగారే దీనిని గూడ కట్టించిరి. రాణి స్వర్ణోత్సవమును పురస్కరించుకొని యామె పేరు దీనికి బెట్టిరి. ఇచ్చినవారు రాజులు, పేరు రాణిది. ఇక ప్రజల దేమి యని పాఠకు లడుగవచ్చును. ప్రజలది వాడుక. ఆ వాడుకయే దీని నిజమైన చరిత్ర.

1891లో బళ్లారి సరసవినోదినీ సభవారు ధర్మవరము కృష్ణమాచార్యులవారి నాయకత్వమున చెన్నపురి వచ్చి నాటకములాడిరి. ఆచార్యులవారు వకీలు. నటనము గౌరవహీనమైన వృత్తి యని పెద్దలు ముఖము త్రిప్పుకొను కాలమున చదువుకొన్న పెద్దమనుష్యులు వేషము గట్టిరి. ఆ ప్రదర్శనములు చూచి పమ్మల్ సంబంధ ముదలియారను యువకు డుత్తేజితుడై, ఆ సంవత్సరమే సుగుణవిలాస సభను స్థాపించెను. పిమ్మట నాతడు న్యాయాధిపతియు నయ్యెను, అరవ నాటకరంగమునకు పెద్దదిక్కును నయ్యెను. ఆ సభ కీ మందిరమే చిరకాలము నెలవైనది. తెలుగు నాటకము అరవ నాటకమునకు ప్రేరణ మిచ్చిన సంగతి నేడు మనలో నెంద ఱెఱుగుదురు? 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి తన భావికార్యక్రమమును వివరించి యుపన్యసించినదియు నీ కప్పు క్రిందనే.

అట్టి మందిరము క్రమముగ మూగవోయెను. సినిమాలు వచ్చెను, వేఱు సభాభవనములు లేచెను, కౌలు గడువు తీఱి హక్కుల తగవులు పుట్టెను. అందఱిదైన సొత్తు ఎవ్వరిదియు గాకపోవుట మన దేశమున తఱచుగ జూచునదే. పొరుగుననే యున్న మూర్ మార్కెట్టు 1985లో అగ్ని కాహుతియైపోయెను. పురమందిరము కాలలేదు, తలుపులు మూసికొని దశాబ్దములు శిథిలమగుచు నిలిచెను.

2023లో నగరపాలక సంస్థ 32 కోట్ల రూపాయలకు మించిన వ్యయముతో పునరుద్ధరణమునకు బూనుకొనెను. ఇట్టి పనిలో తెలిసికొనదగిన ధర్మ మొకటి గలదు. ఇటుకయు సున్నమును గలిసిన పాతగోడ తనలోని తేమను మెల్లమెల్లగ వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో పైకి దృఢముగ గనబడును గాని, తేమ లోపలనే చిక్కి యిటుక పొడియగును. కావున పాతగోడకు సున్నమే పథ్యము. సంఘసంస్కరణమునకును ఈ న్యాయమే చెల్లునని నా కనిపించును. పాతదాని స్వభావ మెఱుగక పైపూత పూసినచో లోని కుళ్లు హెచ్చును.

రాజమహేంద్రవరమున 1890లో పురమందిరమును గట్టించినవారు మహారాజులు గారు. తెలుగు పండితుడుగ జీతమునకు పనిచేసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఉపాధ్యాయుడనగుటచే నాకీ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల గర్వమును, సిగ్గును గూడ కలుగును. ఆయనకు కావలసినది రాళ్ల కట్టడము కాదు, స్వేచ్ఛగ మాటాడుటకు చోటు.

గోడలను కోట్లు వెచ్చించి నిలుపవచ్చును. ఆ గోడల నడుమ కూర్చుండి, తన కిష్టములేని మాటను గూడ ఓపికతో వినగల పౌరుని ఏ తాపీమేస్త్రియు కట్టియీయజాలడు. ఆ పని మన యిండ్లలో, మన బడులలో జరుగవలెను. మీ యూర పురమందిరమున్నచో ఒకసారి పోయి చూడుడు. తాళము వేసియున్నచో, తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యడుగుడు. పునరుద్ధరణ మా ప్రశ్నతోనే మొదలగును.