పేరు మార్చిన ఓడ, మారని సంఖ్య



తరగతిలో ఒకే పేరు గలవారు ముగ్గురుంటే, హాజరు పిలిచేటప్పుడు నేను పేరు విడిచి అంకెను ఆశ్రయించేవాడిని. నామవాచకము బోధించిన పంతులే నామము కంటె సంఖ్య నమ్మదగినదని ఒప్పుకొనవలసి రావడం వింతే! 'థండర్' అనే చేపల ఓడ చరిత్ర చదివినప్పుడు ఆ సంగతి మరల జ్ఞాపకం వచ్చింది.

1969లో నార్వేలో నిర్మితమైన ఈ ఓడ పొడవు సుమారు 60 మీటర్లు. ఆర్కిటిక్ రేంజర్, రూబిన్, టైఫూన్, కుకో, ఉహాన్ ఎన్4 అని ఎన్నో నామాంతరాలు. ఎగురవేసిన జెండాలూ అనేకం. సముద్రమే లేని మంగోలియా జెండా కూడ వాటిలో ఒకటి! దక్షిణ సముద్రంలో దొంగతనంగా టూత్‌ఫిష్ అనే చేపను పట్టుతున్నదని 2006లో అంటార్కిటిక్ జలజీవ సంరక్షణ సంఘం దానిని నల్లజాబితాకు ఎక్కించింది. 2013 డిసెంబరులో ఇంటర్‌పోల్ ప్రకటన వెలువడింది. అయినను పట్టుబడలేదు. పేరును ఓడ మీద రంగుతో వ్రాయక, ఇట్టే మార్చగల లోహఫలకం మీద వ్రాసి వెనుక తగిలించారట!

కాని నౌకాపట్టికలో దాని సంఖ్య 6905408. పేరెన్ని మారినా అది మారదు. అందులో చిన్న చమత్కారం ఉన్నది. మొదటి ఆరంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2 చేత గుణించి కూడండి: 42+54+0+20+12+0. మొత్తం 128. దాని చివరి అంకె 8. ఓడ సంఖ్యలోని ఏడవ అంకెయూ 8. పద్యంలో గణభంగమైతే చెవికి తెలిసినట్లు, ఒక్క అంకె తప్పు వ్రాస్తే చాలమట్టుకు లెక్క పట్టి ఇస్తుంది.

2014 డిసెంబరు 17న సీ షెపర్డ్ సంస్థ వారి బాబ్ బార్కర్ నౌక దానిని కనుగొన్నది. కప్తాను పీటర్ హామర్‌స్టెడ్. తోడు నౌక శామ్ సైమన్ కప్తాను సిద్ధార్థ చక్రవర్తి మన దేశీయుడే. థండర్ వదలి పారిపోయిన 72 కిలోమీటర్ల వలలను శామ్ సైమన్ వెలికితీసి సాక్ష్యంగా భద్రపరచింది. వెంటాడుట 110 రోజులు సాగింది. నడుమ నైజీరియా తన పట్టిక నుండి ఓడను తొలగించింది. ఇక దానికి దేశమే లేదు.

2015 ఏప్రిల్ 6న సావోతోమే సమీపంలో థండర్ మునిగింది. సిబ్బంది 40 మందినీ కాపాడినది వెంటాడినవారే! మునిగే ఓడలోనికి దిగి చూస్తే తలుపులు తెరచి కట్టివేసి ఉన్నవి. అదే సంవత్సరం అక్కడి న్యాయస్థానం కప్తానుకూ మరి ఇద్దరికీ జైలుశిక్షలు, కోటిన్నర యూరోలకు పైగా జరిమానా విధించింది.

ఇది చదువుతుంటే నా మనస్సు 1996 నవంబరుకు పోయింది. తూర్పు గోదావరి తీరాన్ని తుపాను తాకిన నాడు నేనక్కడి బడిలో ఉన్నాను. వేటకు పోయిన పడవలెన్నో తిరిగి రాలేదు. "మాస్టారూ, నాన్న పడవ ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?" అని ఒక బాలుడడిగాడు. ఆ పడవకు సంఖ్య లేదు, జాడ తెలిపే యంత్రం లేదు. నేను జవాబు చెప్పలేకపోయాను.

జాడ తెలియకుండా ఉండాలని ఆ దొంగ ఓడ పేర్లు మార్చుకున్నది. జాడ తెలిసి ఉంటే చాలునని ఈ తీరం నేటికీ కోరుకుంటున్నది.