కార్ల రంగు, గిటార్ మెరుగు

బేస్ గిటార్ శుభ్రత విషయంలో వాయించేవాళ్లంతా చెప్పుకునే నియమాలు కొన్ని ఉన్నాయి. వాయించడం అవగానే మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్‌కు నిమ్మనూనె కాస్త పట్టించవచ్చు, లాకర్ పూసిన మేపుల్‌కు అక్కర్లేదు. సిలికాన్ కలిసిన పాలిష్ జోలికి పోకూడదు. రబ్బరు తొడుగున్న స్టాండు మీద పాత గిటార్‌ను వదిలేయకూడదు. ఇవన్నీ వాద్యం మీది గౌరవం కొద్దీ తరతరాలుగా వస్తున్న ఆచారాలని చాలామంది నమ్మకం. చరిత్ర చూస్తే అలా అనిపించదు. పొడిగుడ్డ ఒక్కటి మినహాయిస్తే, చెక్క మీది మెరుగుకు సంబంధించిన నియమాలు ఎక్కువగా కార్ల రంగుల పరిశ్రమ నుంచి వచ్చినవే. సంగీతం గట్టిగా తన మాట చెల్లించుకున్నది తీగల దగ్గర. అక్కడ కొందరు మహా వాద్యకారులు శుభ్రతకే ఎదురు నిలిచారు.

ఎలక్ట్రిక్ బేస్ పుట్టకముందు సంగతి కొంత చూడాలి. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో గిటార్లకూ మేలైన కుర్చీలూ బల్లలకూ ఫ్రెంచ్ పాలిష్ పెట్టేవారు. దానికి మూలం మన దేశపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్క. ఏటికొప్పాకలో లేతు మీద తిరిగే అంకుడు కర్ర బొమ్మకు రంగు పట్టించేదీ ఆ లక్కే. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా రోజుల తరబడి రుద్దేవారు. ఆ మెరుగు పలచన, అందం గొప్ప, ఓర్పు తక్కువ: వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. అయితే అదే పనితనం తెలిసిన చేయి దొరికితే పాడైన చోటే మళ్లీ రుద్ది పూర్వపు రూపం తేవచ్చు. వాద్యాన్ని మెరిపించడమూ బాగుచేయడమూ అప్పట్లో ఒకే చేతి పని.

ఈ లోకాన్ని మార్చింది మోటారు కారు. నూనె వార్నిష్‌లతో కారుకు రంగు వేస్తే ఆరడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థ, పేలుడు పదార్థాల తయారీలో వాడే నైట్రోసెల్యులోజ్ ఆధారంగా డ్యూకో అనే లాకర్‌ను తెచ్చింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. స్ప్రే గన్‌తో కొట్టే ఈ లాకర్లు కార్ల నుంచి ఫర్నిచర్‌కూ వాద్యాలకూ పాకాయి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణంతో మొదలుపెట్టిన లియో ఫెండర్, 1951లో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను బయటకు తెచ్చేనాటికి ఈ నైట్రో లాకర్ ఫ్యాక్టరీ మెరుగుగా స్థిరపడింది. ఆ తర్వాత ఫెండర్ కస్టమ్ రంగులకు డ్యుపాంట్ కార్ల రంగుల పట్టికనే వాడుకున్నాడు. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ మీది రంగు, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ మీది రంగు. అప్పట్లో అలాంటి రంగు కావాలంటే ధర మీద 5 శాతం అదనం. చేతి ఓర్పుతో తయారయ్యే వాద్యం స్థానంలో బాడీషాపు పద్ధతిలో తయారయ్యే వాద్యం వచ్చింది. దాన్ని తుడిచే పద్ధతులూ దాని వెంటే వచ్చాయి.

కాలం గడిచేకొద్దీ నైట్రో లాకర్ పసుపెక్కుతుంది. ఒలింపిక్ వైట్ అనే తెలుపు మీగడ రంగుకు దిగుతుంది, నీలం ఆకుపచ్చ వైపు జరుగుతుంది. చలి నుంచి వేడిలోకి ఒక్కసారిగా తెస్తే సన్నని పగుళ్లు పడతాయి. స్టాండు మీది రబ్బరులో ఉండే మెత్తబరిచే రసాయనాలు తగిలితే కరిగి అంటుకుంటుంది. సిలికాన్ పాలిష్ ఆ పగుళ్లలోంచి చెక్కలోకి దిగితే, తర్వాత కొత్త రంగు వేసినప్పుడు అది గుంటలు గుంటలుగా విడిపోతుంది. కారు పెయింటర్లు ముందే ఎరిగిన బాధ అది. మెడ విషయం మరీ స్పష్టం. మేపుల్ మీది లాకర్ వేళ్ల కింద అరిగితే తెల్లని చెక్క మీద మురికి నల్లటి మచ్చలుగా కనబడేది. టీవీలో అలాంటి వాద్యాలు చూసి ఫెండర్‌కు బాధ కలిగిందనీ, 1959లో నల్లని రోజ్‌వుడ్ బోర్డుకు మారడానికి అదొక కారణమనీ చెబుతారు. రోజ్‌వుడ్‌కు లాకర్ అక్కర్లేదు, అందుకే దానికి నూనె కావలసి వచ్చింది.  1965లో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ 1.3 కోట్ల డాలర్లకు ఫెండర్ కంపెనీని కొన్నది. 1968 ప్రాంతంలో గిటార్ ఒంటికి మందమైన పాలియెస్టర్ పూత వచ్చింది. దానికి రబ్బరూ స్పిరిట్టూ పెద్ద లెక్క కావు. హెడ్‌స్టాక్ ముఖం మీద మాత్రం చాలా వాద్యాల్లో పాత లాకర్ కొనసాగింది. అంటే ఒకే గిటార్ మీద రెండు కాలాల రసాయనశాస్త్రం ఉంది, రెండు తుడిచే పద్ధతులు కావాలి. తరతరాల ఆచారమైతే ఇంత గజిబిజి ఉండేది కాదు.

వయోలిన్, డబుల్ బేస్ వాళ్లు ఫెండర్ పుట్టకముందే వాద్యాలు తుడుచుకునేవారు కదా, అంటే సంప్రదాయం నిజమే కదా అని అడగవచ్చు. నిజమే. కమాను నుంచి రాలే రోజిన్ పొడిని తుడవాల్సిందే, పొడిగుడ్డ అలవాటు బేస్ గిటార్‌కు అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. కానీ ఆ వారసత్వం పొడిగుడ్డ దగ్గరే ఆగిపోతుంది. వయోలిన్ వార్నిష్‌కు తగినది పాలియెస్టర్‌కు అక్కర్లేదు, పాలియెస్టర్‌కు చెల్లేది వయోలిన్‌ను పాడుచేస్తుంది.

ఇక తీగలు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కు లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉండే) తీగలు కట్టి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. వాటికి పట్టిన జిడ్డులోనే తన పలుకు ఉందని అతని నమ్మకం. దాన్ని సోమరితనమని కొట్టిపారేయలేం. తీగ సందుల్లో చేరిన మురికి పై స్వరాలను అణచి, మూల స్వరాన్ని గుండ్రంగా నిలబెడుతుంది. ఆ పాటలకు అదే కావాలి. ఇంగ్లండ్‌లో ద హూ బృందపు జాన్ ఎంట్విసిల్‌కు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. 1960లలో తీగల కంపెనీ రోటోసౌండ్‌తో కలిసి అతను తీర్చిదిద్దించిన రౌండ్‌వౌండ్ (పైచుట్టు గుండ్రంగా ఉండే) తీగలకు పియానో తీగల్లాంటి ఖంగుమనే పలుకు ఉండాలి. చెమట పడితే ఆ పలుకు త్వరగా చస్తుంది. పాత తీగలను నీళ్లలో మరిగించే అలవాటు, స్పిరిట్‌లో నానబెట్టే అలవాటు ఈ రకం తీగల వల్లే వచ్చాయి. శుభ్రత కావాలా వద్దా అన్నది ఆశించే ధ్వనిని బట్టి తేలింది. జాజ్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఇంకో దారి తొక్కాడు. ఫ్రెట్లు తీసేసిన బోర్డును రౌండ్‌వౌండ్ తీగలు కోసేయకుండా పడవలకు వేసే ఎపాక్సీ పూశాడు. అతని బేస్ పాడినట్టు పలకడంలో ఆ గట్టి పూతకూ వాటా ఉంది.

చెమటలోని ఉప్పు బ్రిడ్జిని తుప్పు పట్టిస్తుంది, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఆ తుప్పు మరీ త్వరగా వస్తుంది, కాబట్టి జేమర్సన్ పద్ధతి ప్రమాదమని ఎవరైనా అంటే కాదనను. లోహానికి తుప్పు తుప్పే. బ్రిడ్జి మరలు బిగుసుకుపోతే తీగల ఎత్తు, శ్రుతి సరిచేయడం కష్టమవుతుంది. అందుకే తీగ, బ్రిడ్జి, మెరుగు అనే మూడింటినీ ఒకే గంపలో వేయకూడదంటాను. అలాగే, ఫ్రెట్లను రుద్దే స్టీల్ ఉన్ని పొడి పికప్ అయస్కాంతాలకు అంటుకుంటుందన్న హెచ్చరిక లోహపు పనికి చెందింది, పాటకు చెందింది కాదు.

1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త వాద్యాలను అరగదీసి, పగుళ్లు తెప్పించి రెలిక్ పేరుతో అమ్ముతోంది. మరకకే అంత విలువైతే తుడవడం దేనికని కొందరి వాదన. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. జేమర్సన్ వాద్యం మీది అరుగుదల ఏళ్ల తరబడి చేసిన పని మిగిల్చింది, ఫ్యాక్టరీలో అరగదీసినదానికి ఆ పని లేదు. పాత ఫెండర్ బేస్ చేతికొస్తే తొలిపని అది పుట్టిన ఏడు తెలుసుకోవడం. 1968కి ముందుదైతే మెత్తని కాటన్ గుడ్డ, నోటి ఆవిరి, ఓపిక చాలు. పసుపెక్కిన లాకర్‌ను తెల్లబరచాలని పాలిష్‌తో రుద్దడమంటే, మళ్లీ దొరకని పలచని పొరను నష్టపోవడమే.