కారణం: జ్వరం

1918 అక్టోబరు, నవంబరు నెలల్లో మద్రాసు రాజధానిలో ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. జూన్‌లో బొంబాయి రేవులో బయటపడిన ఇన్‌ఫ్లుయెంజా, రెండోసారి ఉగ్రరూపంతో వచ్చి రైలుదారుల వెంట పాకింది. నెల్లూరు, గూడూరు మీదుగా మద్రాసు–బెజవాడ రైళ్లు అప్పటికే నడుస్తున్నాయి. పోస్టుమార్టం మాట అటుంచి, తీరపు పల్లెల్లో చెయ్యి పట్టుకు చూసే డాక్టరే అరుదు. చావుపుట్టుకల పుస్తకం గ్రామ మునసబు చేతిలో ఉండేది. కారణం దగ్గర చాలావరకు ఒకటే మాట: జ్వరం. దేశం మొత్తమ్మీద కోటి మందికి పైగా పోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఇరవై, నలభై ఏళ్ల మధ్యవాళ్లు. పొలం దున్నే వయసు, వల లాగే వయసు.

ఆ మాట వెనక ఏముందో ఎక్కడో అమెరికాలో పోయిన 21 ఏళ్ల సైనికుడి ఊపిరితిత్తులు చెప్పాయి. అతను 1918 సెప్టెంబరు 26న దక్షిణ కరొలైనాలోని క్యాంప్ జాక్సన్‌లో చనిపోయాడు. శవపరీక్షలో తీసిన ముక్కలను మైనంలో పొదిగి దాచారు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం వాటిని పరీక్షించింది. ఎడమ ఊపిరితిత్తి నిమోనియాతో గడ్డకట్టి ఉంది. కుడివైపు మాత్రం సన్నటి గాలిగొట్టాల్లో వాపు అప్పుడే మొదలైంది. వైరస్ జన్యుశకలాలు దొరికింది ఆ కుడివైపే. ఒకే ఛాతీలో జబ్బు మొదలూ చివరా పక్కపక్కనే!

2008లో టాబెన్‌బర్గరే మోరెన్స్, ఫౌచీ అనే పరిశోధకులతో కలిసి 58 మంది ఊపిరితిత్తుల నమూనాలను చూశాడు, 8,398 శవపరీక్షల వివరాలు తిరగేశాడు. ఎక్కువమంది ప్రాణం తీసింది వైరస్ వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా నిమోనియా. గాలివానకు కప్పు లేచిపోయిన గుడిసెలోకి వాన దిగినట్టు, వైరస్ చీల్చిన పొరల గుండా గొంతులోని క్రిములు లోపలికి దిగాయి. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి ముక్క నీళ్లలో తేలుతుంది, నిమోనియాతో గడ్డకట్టింది మునుగుతుంది. పెన్సిలిన్ కనుక్కోవడానికి ఇంకా పదేళ్లుంది. పైగా ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గంజి కాచి పోయాల్సిన మనిషీ పక్క మంచంలోనే ఉంటే ఆ ఇంటి గతేమిటి? వేళకింత గంజి, నాలుగు రోజుల విశ్రాంతి దొరికితే కొందరైనా బతికేవాళ్లేనని నా నమ్మకం.

ఇప్పుడైతే చావుకు కారణం వెతికే తీరు మారింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోయాయి. బర్డ్ ఫ్లూతో పోయిన కోడిని కోస్తే గాలిగొట్టంలో, గుండె మీది కొవ్వులో ఎర్రటి రక్తపు చుక్కలు తరచూ కనిపిస్తాయి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. మరుసటి ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ప్రాణం తీసిందీ బర్డ్ ఫ్లూనే. ఆ పాప చావుకు కారణం జ్వరమని రాసి వదిలేయలేదు. పుణె వైరాలజీ సంస్థ పరీక్షించి, హెచ్5ఎన్1 అని తేల్చింది.