డబ్బుల్లేని పేకాట

దసరా సెలవుల్లో ఒక రోజు వంట ముగించుకుని హాల్లోకి వచ్చాను. మా అబ్బాయి టీవీకి స్విచ్ తగిలించి ఆడుకుంటున్నాడు. తెర నిండా పేకముక్కలు. ఇస్పేటు రాణి, ఆఠీను ఆసు, పైన వరసగా వెక్కిరిస్తున్న జోకర్లు. గుండె ఝల్లుమంది.

"ఏవిట్రా అది?"

"పోకరమ్మా" అన్నాడు, తల కూడా తిప్పకుండా.

నేనెందుకంత ఉలిక్కిపడ్డానో చెప్పాలి. మా చిన్నతాత, అంటే అమ్మకి బాబాయి, రెండెకరాల మాగాణి పేకాటలో పోగొట్టుకున్నాడు. చిన్నమ్మమ్మ మెళ్ళో పసుపుతాడు తప్ప ఇంకేం మిగల్లేదు. అందుకే మా అమ్మ ఇంట్లోకి పేక రానిచ్చేది కాదు. పెళ్ళిళ్ళలో విడిదింట్లో మగవాళ్ళు తువ్వాలు పరిచి కూర్చుంటే అటువైపు మమ్మల్ని మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా పంపేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. నా హాల్లో, నా టీవీలో పోకరా!

"ఇందులో డబ్బుల్లేవమ్మా" అన్నాడు వాడు.

డబ్బుల్లేకుండా పేకాటేమిటి, అదీ పోకరు? తిట్టడం ఎంతసేపు, ముందు సంగతేమిటో చూద్దామని నాలుగు రోజులు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. నా భయానికి జవాబు ఆ చరిత్రలోనే దొరికింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

పోకరు తెలియనివాళ్ళకి రెండు మాటలు. మన మూడుముక్కలాటకి దగ్గర చుట్టం. జతలు, వరసలు, ఒకే రంగు ముక్కలు ఎవరి చేతిలో బాగా కుదిరితే వాళ్ళది గెలుపు. కానీ ముక్కలు బాగున్నవాడే గెలుస్తాడని లేదు. చేతిలో ఏమీ లేకపోయినా నిబ్బరంగా పందెం పెంచితే ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తాడు. అంటే ఈ ఆట రెండు కాళ్ళ మీద నిలబడింది. ఒకటి, దాచుకున్న ముక్క. రెండోది, పోతే నొప్పెట్టే డబ్బు. ఇంట్లో టీవీ ముందు ఆడే ఆటకి ఈ రెండూ లేవు. టీవీ ఒక్కటే, అందరూ దాన్నే చూస్తారు. ఇక ముక్క ఎక్కడ దాస్తారు? తెర మీద కనబడే డబ్బు ఉత్తుత్తిది. పోతే ఎవరికి బాధ?

మార్చుకునే క్యాసెట్లతో మొట్టమొదటి వీడియోగేమ్ పెట్టె 1976లో అమెరికాలో వచ్చింది. ఫెయిర్‌చైల్డ్ కంపెనీవారి ఛానెల్ ఎఫ్. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజినీరు. దాని మూడో క్యాసెట్టే పేకాట. అయితే పోకరు కాదు, బ్లాక్‌జాక్. మరుసటి ఏడాది, 1977లో, అటారీ కంపెనీ తన పెట్టెను తొమ్మిది ఆటలతో బజారులోకి దించితే అందులోనూ ఒకటి బ్లాక్‌జాకే. రాసినాయన బాబ్ వైట్‌హెడ్.

అందరూ ముందు బ్లాక్‌జాక్ మీదే ఎందుకు పడ్డారు? ఆట తీరు తెలిస్తే ఇట్టే అర్థమవుతుంది. అందులో లెక్క 21కి దగ్గరగా రావాలి, దాటకూడదు. మనం ఆడేది ముక్కలు పంచేవాడితో మాత్రమే. వాడు ఎప్పుడు ముక్క తీసుకోవాలో, ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. వాడికి బొంకే పని లేదు, మనకి పక్కవాడి దగ్గర దాచే పని లేదు. ఆ అటారీ పెట్టెలో పని చేసుకోవడానికి ఉన్న జాగా 128 బైట్లు. మనం ఫోన్లో పంపుకునే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. అంత చిన్న బుర్రతో బ్లాక్‌జాక్ ఆడించడమే గొప్ప.

తర్వాత అదే వైట్‌హెడ్ క్యాసినో అనే మరో క్యాసెట్ చేశాడు. సియర్స్ దుకాణాల్లో దాన్నే పోకర్ ప్లస్ అనే పేరుతో అమ్మారు. అందులో బ్లాక్‌జాక్‌తో పాటు స్టడ్ పోకరు పెట్టాడు. అయిదు ముక్కల్లో నాలుగు తెరిచి ఉంచి ఒక్కటి మాత్రం మూసి ఉంచే పద్ధతి అది. దాచాల్సింది ఒక్క ముక్కే కాబట్టి ఒకే టీవీ ఉన్న ఇంటికి కాస్త నప్పుతుంది. అదే క్యాసెట్లో మూడో ఆట ఒకటుంది, పోకర్ సాలిటేర్. పాతిక ముక్కలు ఒక్కొక్కటే వస్తాయి. అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళలో పేర్చుకుంటూ పోవాలి. అడ్డంగా, నిలువుగా ఎన్ని మంచి చేతులు కుదిరితే అన్ని మార్కులు. ఎదురాటగాడు లేడు, పందెం లేదు. మన పదకేళి గళ్ళ లాంటిదన్నమాట. ఈ మూడో ఆటని కాస్త గుర్తుపెట్టుకోండి.

మ్యాటెల్ అంటే మనకి బార్బీ బొమ్మల కంపెనీ. వాళ్ళు ఇంటెలివిజన్ అనే పెట్టెను 1980లో అమెరికా అంతటా అమ్మడం మొదలుపెట్టారు. దాంతో పాటు ఉచితంగా ఇచ్చిన క్యాసెట్ ఏమిటో తెలుసా? లాస్ వేగాస్ పోకర్ అండ్ బ్లాక్‌జాక్. పిల్లలున్న ఇంటికి వెళ్ళే పెట్టెలో మొదటి ఆట పోకరు! ఈ ఆటని ఇప్పటికీ జనం గుర్తుపెట్టుకున్నది ముక్కలు పంచేవాడి కళ్ళ వల్ల. తెర మీద వాడి మొహం కనిపిస్తుంది, కళ్ళు దొంగచూపులతో అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆ చిన్న పనిలో ఎంత తెలివుందో చూడండి. యంత్రానికి భయం లేదు, సిగ్గు లేదు, అబద్ధం ఆడితే చెమట పట్టదు. మరి దాన్ని చూస్తే పోకరు బల్ల దగ్గర కూర్చున్నట్టు ఎలా ఉంటుంది? అందుకని దానికి రెండు కళ్ళు పెట్టారు.

ఆ తర్వాత మంచి ఆటలు చాలావరకు ఈ దారినే పట్టాయి. డబ్బు పెట్టలేం కాబట్టి మనుషుల్ని పెట్టారు, కథని పెట్టారు. 1989లో నింటెండో పెట్టె మీద వచ్చిన క్యాసినో కిడ్‌లో ఒక కుర్రాడు క్యాసినో అంతా తిరుగుతూ ఒక్కొక్కరితో బ్లాక్‌జాక్, పోకరు ఆడి ఓడించుకుంటూ పోతాడు. ఆడేవాడికి కావలసింది ఆ దొంగ డాలర్లు కాదు, తర్వాతి మనిషి ఎవరా అన్న కుతూహలం.

నింటెండో అన్నాను కదా, ఇక్కడొక విశేషం. మా వాడి చేతిలో ఉన్న స్విచ్ కూడా వాళ్ళదే. ఆ కంపెనీ పుట్టింది 1889లో, జపాన్‌లోని క్యోటో నగరంలో. పుట్టడమే పేకముక్కలు తయారుచేస్తూ పుట్టింది. ఫుసాజిరో యమౌచి అనే ఆయన పువ్వుల బొమ్మలుండే హనఫుడా ముక్కలు చేసి అమ్మేవాడు. జూదగృహాల్లో వాటికి భలే గిరాకీ. 1953లో జపాన్‌లో ప్లాస్టిక్ పేకముక్కలు పెద్దఎత్తున చేసి అమ్మిందీ వాళ్ళే. 1959లో డిస్నీ బొమ్మలు వేసిన పేకలు తీసుకొచ్చారు. జూదగాళ్ళ చేతుల్లో ఉన్న వస్తువు దాంతో పిల్లలున్న ఇళ్ళల్లోకి నడిచివచ్చింది. అంటే మా వాడు ఆడుతున్న యంత్రానికి పేకముక్క ముత్తాతగారన్నమాట. ఇది చెప్తే వాడు నన్ను వారం రోజులు ఏడిపించాడు.

మళ్ళీ దాచుకున్న ముక్క దగ్గరికి వద్దాం. ఇంట్లో ఆడే ఆటకి ముక్క దాచడం కష్టమైతే, టీవీలో పోకరు పోటీలు చూపించేవాళ్ళకి సరిగ్గా తిరగేసిన చిక్కు. ఆటగాళ్ళ చేతిలో ఏముందో చూసేవాళ్ళకి తెలియకపోతే ఆవులింతలే. దీనికి ఉపాయం కనిపెట్టినాయన హెన్రీ ఓరెన్‌స్టైన్. పోలండులో పుట్టి, నాజీల శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి, అమెరికాలో పిల్లల బొమ్మల వ్యాపారిగా స్థిరపడ్డవాడు. బల్లలోనే కెమెరా పెట్టి మూసిన ముక్కని ప్రేక్షకులకి మాత్రమే చూపించే పద్ధతికి 1995లో పేటెంటు తీసుకున్నాడు. 1999లో బ్రిటన్‌లో లేట్ నైట్ పోకర్ అనే కార్యక్రమం ఇలాగే బల్ల కింది కెమెరాలతో వచ్చింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే మామూలు గుమాస్తా లాంటి అకౌంటెంటు ఇంటర్నెట్టులో ఆడి, అక్కణ్ణించి లాస్ వేగాస్‌లో ప్రపంచ పోటీకి వెళ్ళి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఇంకేముంది, అమెరికా అంతా పోకరు జ్వరం.

ఇళ్ళల్లోని ఆటలకీ ఆ జ్వరం తగిలింది. 2004లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ పోకర్, 2005లో యాక్టివిజన్ కంపెనీ వేసిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్. ఆ యాక్టివిజన్ పెట్టినవాళ్ళలో మొదట చెప్పిన బాబ్ వైట్‌హెడ్ ఒకడు. అప్పటికి ఆట పెట్టెలు ఇంటర్నెట్టుకి తగులుకున్నాయి కాబట్టి ముక్క దాచే చిక్కు తీరిపోయింది. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి టీవీ వాళ్ళది.

రెండో కాలు మాత్రం అతకలేదు. పోయినా పోయేదేమీ లేనప్పుడు ఎవరు మాత్రం భయపడతారు? చేతిలో ఏమున్నా ఉన్నదంతా పందెం పెట్టేస్తారు, ఓడితే మళ్ళీ మొదలు. భయపడేవాడు లేని చోట భయపెట్టేవాడికి పనేముంది? 2006లో వచ్చిన స్టాక్డ్ అనే ఆటలో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన పోకీ అనే ప్రోగ్రామును కూర్చోబెట్టారు. అది మన ఆట తీరు గమనించి ఎదురాడుతుంది. చదువుకున్న ప్రత్యర్థి దొరికాడు గానీ, నొప్పి ఎక్కడిది?

ఈ నొప్పి లేకపోవడమే లోపమని ఇన్నేళ్ళూ అనుకున్నారు. అది లోపం కాదు, వరమనుకున్నవాడు 2024లో వచ్చాడు. మా అబ్బాయి ఆడుతున్న బలాట్రో ఆ ఫిబ్రవరిలోనే విడుదలైంది. తయారుచేసింది కెనడాకి చెందిన ఒకే ఒక్కడు. అసలు పేరు చెప్పకుండా లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉంటాడు. ఇందులో ఎదురాటగాడే లేడు. చేతిలో ఎనిమిది ముక్కలు. వాటిలోంచి అయిదు దాకా ఎంచుకుని జత, వరస, ఫుల్ హౌస్ ఏదో ఒకటి కుదిర్చి మార్కులు తెచ్చుకోవాలి. లెక్కల్ని తలకిందులు చేసే జోకర్లు 150 రకాలు. ఆటలో సంపాదించిన డాలర్లతో ఆటలోనే జోకర్లు కొనుక్కోవాలి. మన బ్యాంకు డబ్బుతో ఏదీ కొనడానికి లేదు. అటారీలో ఆ మూడో ఆట గుర్తుందా? పోకరులోంచి డబ్బునీ, అబద్ధాన్నీ తీసేస్తే మిగిలే కూర్పు అప్పట్లోనే ఒక మూల కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళ తర్వాత అలాంటిదే, జోకర్లు పెట్టుకుని, హాలు మధ్యకొచ్చి కూర్చుంది.

నాలా ఉలిక్కిపడ్డవాళ్ళు ఇంకా ఉన్నారు. యూరప్‌లో ఏ ఆట ఏ వయసు పిల్లలకో చెప్పే పెగీ సంస్థ దీనికి మొదట మూడేళ్ళ పిల్లలూ ఆడచ్చని ముద్ర వేసింది. విడుదలయ్యాక జూదం బొమ్మలున్నాయి, పోకరు నేర్పుతోందని ఒక్కసారిగా 18కి మార్చింది. కొన్ని దుకాణాల్లోంచి కొన్నాళ్ళు ఆటని తీసేశారు. తయారుచేసినవాడు ఒళ్ళు మండి, నిజం డబ్బులు పెట్టి లోపల ఏముందో తెలియని పెట్టెలు కొనిపించే ఆటలకి మాత్రం 3 అని ముద్ర వేస్తారా అని దెప్పిపొడిచాడు. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో దాన్ని 12కి తగ్గించారు.

ఇది చదివినప్పుడే నా మనసులో ముడి విడింది. నేనూ ఆ పెగీ లాగే ముక్కల బొమ్మ చూసి జడుసుకున్నాను. చిన్నతాత మాగాణిని మింగింది ఇస్పేటు రాణి కాదు, పందెం. పాచికల్లో తప్పు లేదు, ధర్మరాజు వాటి ముందు రాజ్యాన్నీ తమ్ముళ్ళనీ ద్రౌపదినీ పెట్టడంలో ఉంది. మన దగ్గర కోర్టులు కూడా చాలాకాలం ముక్కల్నే చూశాయి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో నేర్పుదే పైచేయి అని చెప్పింది. నేర్పా, అదృష్టమా అన్న వాదన దశాబ్దాలు నడిచింది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆ వాదనే పక్కన పెట్టింది. నేర్పుదైనా అదృష్టానిదైనా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలు వద్దు అంది.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే, "ఇందులో డబ్బెక్కడ నాన్నా?" అని. బలాట్రోకి అభ్యంతరం లేదు, చదువుకునే వేళ తప్ప. కానీ అదే ప్రశ్న వేసుకుంటూ వాడి ఫోన్ తీసి చూస్తే, పేకముక్క ఒక్కటి కూడా లేని ఒక ఫుట్‌బాల్ ఆటలో, ఏ ఆటగాడొస్తాడో తెలియని పెట్టెలు కొనడానికి మూడు నెలల్లో పద్దెనిమిది వందలు పోయాయి. వాళ్ళ నాన్నగారి ఖాతాలోంచి. పేక కనబడితే గుండె జారిన నాకు, ఆ బంతాట కనబడితే "పోనీలే, ఆటే కదా" అనిపించింది ఇన్నాళ్ళూ. ఆ ఖాతా ఇప్పుడు ఫోన్లోంచి తీసేశాం. వాడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు.

మూడో రోజు వాడి పక్కన కూర్చుని నేనూ ఆడాను. మూడు రాజులు, రెండు తొమ్మిదులు కుదిరాయి. "ఫుల్ హౌస్ అమ్మా!" అని ఎగిరాడు. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి అమ్మ ఫోను. ఏం చేస్తున్నావే అంది. "పేకాడుతున్నానమ్మా" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "డబ్బులకా?" అని అడిగింది చివరికి.

ఇన్ని రోజులు చదివి నేను తెలుసుకున్న ప్రశ్న ఆవిడ దగ్గర ముందునుంచే ఉంది.