ఫ్లాష్ మెమొరీ కార్డులు, డ్రైవుల వేగం - మన్నిక

ఫ్లాష్ మెమొరీ అనగా విద్యుత్ సరఫరా ఆగిపోయినా సమాచారాన్ని నిలుపుకొనే అర్ధవాహక సాధనం. మెమొరీ కార్డులు, పెన్ డ్రైవులు, సాలిడ్ స్టేట్ డ్రైవులు (ఎస్‌ఎస్‌డీలు) ఈ కోవకు చెందినవే. వీటి వేగం, మన్నిక మాత్రం ఒకే తీరున ఉండవు.

చరిత్ర

జపానుకు చెందిన తోషిబా సంస్థలో ఇంజనీరైన ఫుజియో మసుఒకా ఈ మెమొరీని రూపొందించి 1984లో ప్రకటించాడు. ఎస్‌డీ కార్డును 1999లో తోషిబా, పానసోనిక్, శాన్‌డిస్క్ సంస్థలు ప్రవేశపెట్టాయి. పెన్ డ్రైవులు 2000లో విపణిలోకి వచ్చాయి.

వేగం

చదివే వేగం కంటే వ్రాసే వేగం సాధారణంగా తక్కువ. పొట్లంపై పెద్ద అక్షరాలతో ముద్రించేది తరచుగా గరిష్ఠ పఠన వేగమే. నిలకడగా వ్రాయగల కనీస వేగాన్ని తరగతి గుర్తు తెలుపుతుంది.

* 4వ తరగతి: సెకనుకు 4 మెగాబైట్లు
* 10వ తరగతి, యు1: 10 మెగాబైట్లు
* యు3, వి30: 30 మెగాబైట్లు
* వి90: 90 మెగాబైట్లు

1,000 మెగాబైట్ల వీడియోను వ్రాయుటకు 4 మెగాబైట్ల వేగంతో 250 సెకన్లు, 30 మెగాబైట్ల వేగంతో సుమారు 33 సెకన్లు పడుతుంది. జోడించే మార్గం కూడా ముఖ్యమే. యూఎస్‌బీ 2.0 సిద్ధాంతరీత్యా సెకనుకు 60 మెగాబైట్లకు మించదు. కనుక వేగవంతమైన కార్డు సైతం దానిపై నెమ్మదిస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీలు సుమారు 550 మెగాబైట్ల వేగంతో చదువగలవు. ఎన్‌వీఎంఈ రకాలు అంతకు అనేక రెట్లు వేగవంతమైనవి.

మన్నిక

ప్రతి కణంలోను సమాచారం విద్యుదావేశ రూపంలో ఉంటుంది. వ్రాసి చెరిపిన ప్రతిసారీ ఎలక్ట్రానులు పలుచని బంధక పొర గుండా పోవుటచే ఆ పొర క్రమంగా అరుగుతుంది. కణానికి ఒక బిట్టు ఉంచే ఎస్‌ఎల్‌సీ సుమారు 1,00,000 పర్యాయాలు, మూడు బిట్లు ఉంచే టీఎల్‌సీ సుమారు 1,000 నుండి 3,000 పర్యాయాలు తట్టుకొంటాయి. ధర తగ్గే కొలది మన్నిక కూడా తగ్గుటకు ఇదొక కారణం.

ఎస్‌ఎస్‌డీలోని నియంత్రిక ఈ అరుగుదలను అన్ని కణాలకు సమంగా పంచుతుంది. చెడిన వాటి స్థానంలో అదనపు కణాలను వాడుతుంది. చౌక కార్డులలో, పెన్ డ్రైవులలో ఈ ఏర్పాటు పరిమితం. అందుచే నిఘా కెమెరాల వలె నిరంతరం వ్రాసే పనికి అధిక మన్నిక గల కార్డులు ప్రత్యేకంగా లభిస్తాయి.

భద్రపరచుట

కదిలే భాగాలు లేనందున ఇవి హార్డ్ డిస్కు కంటే కుదుపులను బాగా తట్టుకొంటాయి. అయితే వాడక బీరువాలో ఉంచినను ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడి, అరుగుదల దీనిని త్వరితం చేస్తాయి. వ్రాస్తుండగా ఊడదీసిన ఫైళ్ళు చెడిపోవచ్చు. ముందస్తు సూచన లేకుండానే పనిచేయుట మానివేయవచ్చు. కావున కుటుంబ ఛాయాచిత్రాలు, ముఖ్య పత్రాల వంటి వాటికి వేరొక సాధనంలో మరొక ప్రతి ఉంచుట అవసరం.