పటములోని బీట్రిస్



లండను నగరమందలి టేట్ చిత్రశాలకు చెందిన పటమొకటి కలదు. అది మూడడుగుల ఎత్తైనను లేదు. అందొక స్త్రీ కన్నులు మూసికొని, మోము పైకెత్తి కూర్చుండియుండును. ఎఱ్ఱని పావురమొకటి ఆమె చేతులలో తెల్లని గసగసాల పూవును విడుచుచుండును. వెనుక నీడగడియారము తొమ్మిదిగంటలను చూపును. దీనికి ‘బియాటా బియాట్రిక్స్’ అని పేరు. ధన్యురాలగు బీట్రిస్ అని యర్థము. రచించినవాడు డాంటే గేబ్రియల్ రోసెటి. ఇటలీ మహాకవి డాంటే ప్రేమించిన బీట్రిస్ 1290లో కాలధర్మము నొందెను. ఆ మరణమునే చిత్రకారుడు యోగనిద్రవలె చూపినాడు. అయితే అందలి ముఖము బీట్రిస్‌ది కాదు. ఎలిజబెత్తు సిడాలు అను ఇంగ్లీషు వనితది.

1848లో రోసెటి, మిలే, హంటు మొదలగు ఏడుగురు యువకులు లండనులో నొక సంఘముగా నేర్పడిరి. రాఫేలు చిత్రకారుని యనుకరించుటయే కళయని నాటి విద్యాపీఠము బోధించుచుండగా, వీరు రాఫేలునకు పూర్వులైన చిత్రకారులను మెచ్చిరి. ప్రకృతిని ఉన్నదున్నట్లు వ్రాయవలెననుట వారి నియమము.

ఎలిజబెత్తు 1829లో జన్మించెను. టోపీల దుకాణమున పనిచేయు ఆమె ఎఱ్ఱని కురులును, పొడవైన మెడయును ఈ చిత్రకారుల నాకర్షించెను. 1852లో ముగిసిన ‘ఒఫీలియా’ పటమునకై మిలే ఆమెను నీటితొట్టిలో పరుండబెట్టెను. నీరు చల్లబడకుండ తొట్టిక్రింద దీపములుంచిరి. ఒకనాడవి ఆరిపోయెను. పనిలో మునిగియున్న చిత్రకారుడు గమనింపలేదు. ఆమెయు నోరు మెదపలేదు. ఆమె జబ్బుపడెను. వైద్యవ్యయము మీరే భరింపవలెనని ఆమె తండ్రి మిలేను నిలదీసెను.

తరువాత రోసెటి ఆమెను లెక్కకుమించి చిత్రించెను. చిరకాల నిరీక్షణానంతరము 1860లో వారి వివాహమయ్యెను. మరుసటి యేడు మృతశిశువు జన్మించెను. 1862 ఫిబ్రవరిలో, నల్లమందుతో చేసిన లాడనమను ఔషధము మితిమీరుటచే ఆమె మరణించెను. రోసెటి పశ్చాత్తాపముతో తన కవితల వ్రాతప్రతిని ఆమె శవపేటికలోనే ఉంచెను. కాని 1869లో సమాధిని త్రవ్వించి ఆ ప్రతిని వెలికి తీయించెను. 1870లో ఆ కవితలు అచ్చుపడెను. భార్యకు స్మారకముగా వ్రాసిన బీట్రిస్ పటమును ఆ సంవత్సరమునకే పూర్తియయ్యెను. అందు పావురము తెచ్చిన పూవు నల్లమందు నిచ్చు జాతి మొక్కదే యని గమనింపుడు.

ప్రకృతిసత్యమును వ్రతముగా పట్టినవారు ఆకును, గడ్డిపోచను యథాతథముగా వ్రాసిరి. ఎదుట కూర్చున్న మనిషి దగ్గరకు వచ్చుసరికి ఆ వ్రతము సడలెను. ఒఫీలియాయనిరి, బీట్రిసనిరి, ఎలిజబెత్తు మాత్రము మఱుగుపడెను.

అయినను ఆమె స్వయముగా చిత్రకారిణి. విమర్శకుడు రస్కిన్ ఆమె ప్రతిభను మెచ్చి, 1855లో సాలుకు 150 పౌనుల సాయ మేర్పఱచెను. 1857లో ఈ సంఘమువారి ప్రదర్శనమున ఆమె చిత్రములును ఉండెను. 1853, 54 సంవత్సరములందు తన రూపమును తానే చిన్న గుండ్రని పటముగ వ్రాసికొనెను. అందు పావురము లేదు, పూవు లేదు. అలసిన రెప్పలు, బిగిసిన పెదవులు, తెఱచిన కన్నులు మాత్రమే కలవు. బీట్రిస్ పటమును చూచి మెచ్చువారు ఆ చిన్న పటమును కూడ ఒకసారి చూడవలెను.