వాహనాసనాల మరమ్మతు: తోలు నుంచి రెక్సిన్ వరకు - మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చిరిగిన కారు సీటుకు కొత్త తొడుగు కుట్టడం చిన్న మరమ్మతుగా కనిపిస్తుంది. ఆ తొడుగు కింద తోలు, దూది, కొబ్బరిపీచు, రెక్సిన్, ఫోమ్ అనే పదార్థాల చరిత్రతో పాటు వాటిని తాకిన చేతుల చరిత్ర కూడా ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల భౌగోళిక స్థితిని నేపథ్యంగా తీసుకొని, జట్కా నుంచి నేటి కారు వరకు ఆసనపు పనిలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెక్సిన్ రాకతో ఆసనపు పని కులవృత్తి పరిధిని దాటి ఇంటి కుట్టుమిషన్ వరకు చేరిందనీ, అదే క్రమంలో తోలుపనివారి నైపుణ్యానికి దక్కవలసిన వాటా దక్కలేదనీ ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆసనం, మరమ్మతు, తోలుపని, దూదేకుల వృత్తి, రెక్సిన్, కుట్టుమిషన్, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం

వృత్తుల చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు పరిశోధకుల దృష్టి సాధారణంగా తయారీపైనే నిలుస్తుంది. మగ్గం, సారె, కొలిమి మన పరిశోధనల్లో చోటు సంపాదించుకున్నాయి. తయారైన వస్తువును మళ్లీ వాడకంలోకి తెచ్చే మరమ్మతుకు అంతటి ప్రాధాన్యం లభించలేదు. వస్తువు లోపలి నిర్మాణాన్ని విప్పి చూసే అవకాశం మాత్రం మరమ్మతు చేసేవారికే ఎక్కువ. పాత సీటును విప్పినపుడు పైతొడుగు, దాని కింద అస్తరు, మెత్త, గోనెపట్ట, స్ప్రింగులు వరుసగా బయటపడతాయి. ఒక్కొక్క పొర ఒక్కొక్క కాలపు సరకునూ శ్రమనూ చూపుతుంది. కాబట్టి సీటును ఒక చారిత్రక ఆధారంగా చదవవచ్చు.

2. ప్రాంతం, రవాణా

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. నేటి కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీకి చెందినది. పాలనా సరిహద్దులు తరువాత కూడా మారాయి. ఈ మూడు పట్టణాలను కలిపి చూడటానికి పాలన కంటే రవాణా సరైన ఆధారం.

1864 నాటికి జోలార్‌పేట నుంచి బెంగళూరు దండు వరకు రైలు మార్గం పూర్తయింది. కుప్పం ఈ మార్గంలో ఉంది. పాకాల - ధర్మవరం మార్గంలోని మదనపల్లె రోడ్డు స్టేషను పట్టణానికి చాలా దూరం. పుంగనూరుకు రైలే లేదు. ఈ పట్టణాల మధ్య ప్రయాణం మొదట ఎడ్లబండి, జట్కాల మీద, తరువాత బస్సు, కార్ల మీద ఆధారపడింది. రోడ్డు మీద ఆధారపడిన ప్రాంతంలో వాహనం ఎక్కువకాలం నడవాలి. ఎక్కువకాలం నడిచిన వాహనంలో సీటు తప్పక అరుగుతుంది. మరమ్మతు అవసరం ఇక్కడినుంచే మొదలవుతుంది.

3. జట్కాలో కూర్చునే పద్ధతి

జట్కాలో నేటి అర్థంలో సీటు లేదు. గూడుబండి లోపలి చెక్క మీద గడ్డి పరచి, దానిపై చాపనో గోనెపట్టనో వేసేవారు. ప్రయాణికులు కాళ్లు ముడుచుకొని కూర్చునేవారు. ఆ గడ్డి గుర్రానికి మేతగానూ ఉపయోగపడేది. మెత్త పాడైతే మార్చడానికి ప్రత్యేక వృత్తి నిపుణుడు అవసరం లేదు. బండివాడే కొత్త గడ్డి పరచేవాడు. మోటారు వాహనం కాళ్లు కిందికి దించి కూర్చునే ఎత్తైన ఆసనాన్ని తెచ్చింది. దానితో చట్రం, స్ప్రింగు, మెత్త, తొడుగు అనే నాలుగు భాగాల నిర్మాణం వచ్చింది. ఆసనం బండివాడి చేతిలోనుంచి నిపుణుడి చేతిలోకి వెళ్లింది.

4. పదార్థాలు - వృత్తులు

4.1. తోలు: దక్షిణ భారతంలో తోలు ఊనడానికి తంగేడు పట్ట ప్రధాన సాధనం. ఈ పద్ధతిలో ఊనిన తోళ్లు మద్రాసు నుంచి లండన్ మార్కెట్‌కు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేవి. పాలారు లోయలోని వాణియంబాడి, ఆంబూరు తోళ్ల పరిశ్రమకు కేంద్రాలయ్యాయి. కుప్పం నుంచి జోలార్‌పేట వైపు రైలెక్కితే చేరే ప్రాంతమిది. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో మద్రాసులో క్రోమ్ పద్ధతిపై ప్రయోగాలు ప్రారంభించాడు. 1904లో మద్రాసు రాజధానిలోని తోలుపనిపై ఒక గ్రంథం వెలువరించాడు. కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మద్రాసులో ఏర్పడింది.

గ్రామాల్లో తోలుపని మాదిగల కులవృత్తి. కపిల బానలు, చెప్పులు, ఎడ్ల పట్టెడలు వారి పనితనమే. ఆ పనితనం లేకుండా వ్యవసాయం సాగేది కాదు. అయినా ఆ చేతులను సమాజం అంటరానివిగా చూసింది. ఆయిలు ఇంజన్లు, విద్యుత్ మోటార్లు వచ్చి కపిల వెనుకబడటంతో తోలుకున్న ఒక పెద్ద గిరాకీ పోయింది.

4.2. దూది: పరుపులు, దిండ్ల పనిలో దూదేకులవారి పాత్ర ప్రధానమైనది. నూర్‌బాషాలుగా కూడా పిలువబడే వీరు వింటితో దూది ఏకి మెత్తను సమంగా నింపేవారు. మెత్త ఎక్కడ గట్టిగా ఉండాలి, ఎక్కడ పలుచగా ఉండాలి అనే పరిజ్ఞానం ఈ వృత్తిది. సీటు మెత్త తయారీకి కావలసిన మూలజ్ఞానం కూడా ఇదే.

4.3. కొబ్బరిపీచు: స్ప్రింగుల మీద నేరుగా దూది వేస్తే అది కిందికి జారి గడ్డకడుతుంది. అందుకే స్ప్రింగులపై గోనెపట్ట, దానిపై పీచు, ఆపైన దూది పరచేవారు. పీచుకు రబ్బరు పాలు పట్టించి అచ్చుపోసిన మెత్తలు తరువాతి కాలంలో వాడకంలోకి వచ్చాయి.

5. రెక్సిన్ - తోలుకాని తోలు

రెక్సిన్ మొదట ఒక వ్యాపారనామం. మాంచెస్టర్ సమీపంలోని హైడ్ పట్టణంలో తయారైన కృత్రిమ తోలుకు పెట్టిన పేరు. బట్టపై సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి, తోలు రూపం వచ్చేలా అచ్చు ఒత్తేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ పూత స్థానంలో పీవీసీ వచ్చింది. సరకు మారినా పేరు మాత్రం తెలుగులో స్థిరపడి జాతివాచకమైంది.

ఈ మార్పులోని సామాజికార్థం ముఖ్యమైనది. రెక్సిన్ చూపుకు తోలు, పుట్టుకకు బట్ట. దానికి చచ్చిన పశువుతో సంబంధం లేదు. బట్టలు కుట్టే దర్జీ, పరుపులు కుట్టే పనివాడు, ఇంట్లో మిషన్ ఉన్న గృహిణి ఎవరైనా దానిని సంకోచం లేకుండా చేతిలోకి తీసుకోగలరు. 1930లలో ప్రారంభమైన ఉషా వంటి స్వదేశీ కుట్టుమిషన్ల తయారీ ఈ అవకాశాన్ని విస్తరించింది. ఆసనపు పని కులవృత్తి చట్రంలో బిగుసుకోకపోవడానికి ఈ పదార్థ స్వభావం ఒక కారణమని భావించవచ్చు.

దీనిని కేవలం విముక్తిగా చూడటం సరికాదు. అంటు అనే భావనను సమాజం వదులుకోలేదు. అంటు సోకని సరకును ఎంచుకుంది. తోలును కొలవడం, సాగదీయడం, దబ్బనంతో కుట్టడం తెలిసినవారికి వాహనయుగంలో సహజంగా రావలసిన పని ఇతరులకు చేరింది. చౌకదనం, సులభ లభ్యత కూడా రెక్సిన్ వ్యాప్తికి కారణాలే. అయినా ఆ చౌకదనపు లాభం ఎవరికి చేరింది, నష్టం ఎవరు భరించారు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

6. అంబాసిడర్ నుంచి మారుతి వరకు

1950ల చివరి నుంచి 2014 వరకు ఉత్పత్తి అయిన అంబాసిడర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఆధారపడిన కారు. దాని ముందు సీటు చాలాకాలం ఒకే పొడవైన బల్లలా ఉండేది. పెద్ద చదరపు ముక్కలు, తిన్నని కుట్లు, అట్టమీద రెక్సిన్ బిగించిన తలుపు ప్యాడ్లు దాని లక్షణాలు. అటువంటి నిర్మాణాన్ని సాధారణ పనిముట్లతో విప్పి, మళ్లీ బిగించవచ్చు.

1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైంది. విడివిడి ముందు సీట్లు, అచ్చుపోసిన పాలీయురెథేన్ ఫోమ్ సామాన్య కొనుగోలుదారుకు పరిచయమయ్యాయి. పీచు, దూది నింపే నైపుణ్యం అవసరం తగ్గింది. పని ప్రధానంగా తొడుగు కుట్టడంగా మారింది. సిద్ధంగా దొరికే సీటు కవర్లు వచ్చాక ఆ కుట్టు కూడా తగ్గి, తొడిగితే చాలనే స్థితి ఏర్పడింది.

7. ఇంటి మరమ్మతు - పనివిధానం

సీటు పాడయ్యే క్రమం పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఎండకు పీవీసీలోని మెత్తదనమిచ్చే ద్రవ్యం క్రమంగా బయటికి పోయి రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది. ఫోమ్ తేమకు, గాలికి, వేడికి పొడిగా రాలుతుంది. కప్పు లోపలి గుడ్డ కిందికి వేలాడటానికి కారణం సాధారణంగా గుడ్డ చిరుగు కాదు; దాని వెనుకనున్న పలుచని ఫోమ్ పొర నశించడమే. అందుచేత పాత ఫోమ్‌ను పూర్తిగా గీకివేయకుండా జిగురు పూస్తే గుడ్డ మళ్లీ ఊడుతుంది.

తొడుగు మార్చేవారు మొదట సీటును బోల్టులు విప్పి బయటికి తీస్తారు. చట్రానికి తొడుగును పట్టి ఉంచే తీగ రింగులను కత్తిరించి, కుట్లు విప్పి, ప్రతి ముక్కకు గుర్తు రాస్తారు. ఆ ముక్కలే కొత్త తొడుగుకు నమూనాలు. రెక్సిన్ వెనుకవైపు సుద్దతో గీసి, కుట్టుకు అర అంగుళం అదనంగా వదిలి కత్తిరిస్తారు. ఇంటి మిషన్ అయితే 16 లేదా 18 నంబరు సూది, గట్టి నైలాన్ దారం అవసరం. కుట్టు మరీ దగ్గరైతే రంధ్రాల వరుస వెంబడి రెక్సిన్ చిరుగుతుంది. పూర్తయిన తొడుగును కొంతసేపు ఎండలో ఉంచి మెత్తబడ్డాక, మధ్యనుంచి అంచులవైపు లాగి బిగిస్తారు.

ఈ పనిలో గీసిన పటం ఉండదు. చిరిగిన తొడుగే పాఠ్యగ్రంథం. పాతదాన్ని పాడుచేయకుండా విప్పగలిగినవారే కొత్తదాన్ని కుట్టగలరు.

8. స్వయం మరమ్మతుకు పరిమితులు

నేటి కార్లలో అనేకం సీటు పక్కభాగంలో ఎయిర్‌బ్యాగును కలిగి ఉంటున్నాయి. ప్రమాద సమయంలో ఆ బ్యాగు చీల్చుకొని బయటికి రావడానికి తొడుగులో ప్రత్యేకమైన బలహీనపు కుట్టు ఉంటుంది. దానిని గట్టి దారంతో కుట్టినా, మందపు కవరుతో కప్పినా ప్రాణరక్షణకు ఆటంకం. కొన్ని సీట్లలో కూర్చున్న మనిషిని గుర్తించే సెన్సర్లు కూడా ఉన్నాయి. నిప్పు విషయంలోనూ ప్రమాణాలు ఉన్నాయి. 1972 నుంచి అమలైన అమెరికా ప్రమాణం ప్రకారం కారు లోపలి సామగ్రిపై మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకరాదు. అంగట్లో దొరికే ప్రతి ఫోమూ, ప్రతి బట్టా ఇటువంటి పరీక్షకు నిలుస్తుందని భావించలేం. రెక్సిన్‌తో ఇంటికి చేరిన పని భద్రతా సాంకేతికతతో మళ్లీ నిపుణుల చేతికి మరలుతున్నది.

9. వృత్తిపదజాలం

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో గ్రంథస్థమయ్యాయి. ఆసనపు పనికి కూడా అటువంటి సేకరణ అవసరం. ఇందులో దబ్బనం, పీచు వంటి తెలుగు మాటలు, అస్తరు వంటి ఉర్దూ మార్గాన వచ్చిన మాటలు, కుషన్, పైపింగ్, రెక్సిన్ వంటి ఆంగ్ల పదాలు పక్కపక్కనే ఉంటాయి. మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇటువంటి క్షేత్రసేకరణకు అనువైన చోట ఉంది. తెలుగు, తమిళ, కన్నడ పనివారి మాటలను పోల్చి చూసే అవకాశం అక్కడ ఉంది.

10. ముగింపు

* జట్కాలోని గడ్డిపరుపు నుంచి ఫోమ్ సీటు వరకు వచ్చిన ప్రతి మార్పు, మరమ్మతు ఎవరు చేయగలరనే విషయాన్నీ మార్చింది.
* తోలు స్థానంలో రెక్సిన్ రావడం వల్ల ఆసనపు పని అనేక వర్గాలకు అందుబాటులోకి వచ్చింది. తోలుపనివారి అనుభవానికి మాత్రం కొత్త విపణిలో తగిన చోటు దొరకలేదు.
* సులభంగా విప్పగల నిర్మాణం స్వయం మరమ్మతుకు మూలం. భద్రతా పరికరాలు చేరిన నేటి సీటు విషయంలో ఆ స్వేచ్ఛకు హద్దులున్నాయి.
* పాత అంబాసిడర్ సీట్లు విప్పిన తరం పనివారు వృద్ధులవుతున్నారు. వారి పదజాలాన్ని, పనివిధానాన్ని, వారు ఏ వృత్తి నుంచి ఈ పనికి వచ్చారో ఆ జీవితకథలను నమోదు చేయడం పరిశోధకుల తక్షణ బాధ్యత.